లేపేది జాకీ... నిలబెట్టేది స్టాండు!

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తినడం అయిపోయింది. కొన్నాళ్లుగా కారు గతుకుల్లో దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర 'టక్‌ టక్‌'మంటోంది. అదేంటో తేల్చేద్దామని తండ్రి డిక్కీలోంచి జాకీ తీశాడు. పోర్టికోలోనే ఎడమవైపు ముందు చక్రం పైకి లేపి, నట్లు విప్పి చక్రాన్ని బయటికి లాగాడు. దాన్ని గోడకు ఆనించబోతుంటే వరండాలో పేపరు చదువుకుంటున్న తాతయ్య కేకేశాడు.

"ఒరేయ్‌, చక్రం అక్కడెందుకురా? పడుకోబెట్టి కారు కిందకి తొయ్యి."

"కిందెందుకు నాన్నా, పనికి అడ్డం కదా!"

"అడ్డంగా ఉండాలనే చెబుతున్నా. ముందు తొయ్యి."

పెద్దాయన రిటైరయ్యేదాకా ఆర్టీసీ డిపోలో మెకానిక్‌. ఆయన మాట కాదనలేక కొడుకు విసుక్కుంటూనే చక్రాన్ని తలుపు అంచు కిందకి నెట్టాడు. పదమూడేళ్ల మనవడు టార్చిలైటు పట్టుకుని మడ్‌గార్డు లోపలికి తొంగిచూస్తున్నాడు. బోల్టు వదులైందేమోనని తండ్రి స్పానరు తగిలించి గట్టిగా ఓ గుంజు గుంజాడు. అంతే... నున్నటి టైల్స్‌ మీద జాకీ అడుగు సర్రున జారింది. కారు ధబ్బున పడింది. నేలమీద కాదు, ఇందాక అడ్డమనిపించిన ఆ చక్రంమీద! రిమ్ముకు సొట్ట పడింది. పిల్లాడి చేతికి చిన్న గీత కూడా పడలేదు.

ఏ ఇంటి పోర్టికోలోనైనా జరగగల సంగతే ఇది. తేడా అల్లా కింద చక్రం ఉండటం, లేకపోవడం. అంతకుమించిన తేడా ఏముంటుంది! ఇంట్లో కారు పని చేసుకోవడం తప్పేం కాదు. డబ్బు కలిసొస్తుంది, బండి గురించి తెలుస్తుంది, పిల్లలకూ నాలుగు సంగతులు నేర్పినట్టవుతుంది. కాకపోతే కారును పైకి లేపే ముందు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. వాటికి పెద్దగా ఖర్చు కూడా అక్కర్లేదు.

ఇల్లు లేపినట్టే!

జాకీలతో ఏకంగా ఇళ్లనే పైకి లేపడం ఇప్పుడు మన ఊళ్లలో కొత్త కాదు. రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు ఇంట్లోకి వస్తుంటే గోడల కింద వరసగా జాకీలు బిగించి అంగుళం అంగుళం చొప్పున ఇంటిని లేపుతారు. అక్కడ కాసేపు నిలబడి చూస్తే ఓ విషయం అర్థమవుతుంది. లేపిన కొద్దీ కింద ఏర్పడిన ఖాళీలో గట్టి ఆధారం పేర్చుకుంటూ వెళతారు. చివరికి ఇల్లు నిలబడేది ఆ ఆధారం మీదే. జాకీలు తీసేస్తారు.

కారుకూ ఇదే సూత్రం. జాకీ పని లేపడం వరకే. లేచినదాన్ని నిలబెట్టి ఉంచడం దాని పని కాదు. కారు కిందకి దూరాలన్నా, చక్రం తీసి లోపల చెయ్యి పెట్టాలన్నా వేరే ఆధారం ఉండి తీరాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం ప్రమాదాలు దరిచేరవు.

బరువు సంగతీ చూద్దాం. మన రోడ్లమీద ఒకప్పుడు రాజ్యమేలిన మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు 26 అన్నమాట. స్విఫ్ట్‌లాంటి కారు 900 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంజిను ముందే ఉంటుంది కాబట్టి అందులో సగం కన్నా ఎక్కువ బరువు ముందు చక్రాల మీదే పడుతుంది. ఒక్కో ముందు చక్రం దగ్గర దాదాపు పది, పదకొండు బస్తాల బరువు. అంత బరువు కింద తల పెట్టేముందు దాన్ని ఏది మోస్తోందో చూసుకోవద్దూ!

డిక్కీలోని జాకీ

కారుతోపాటు వచ్చేది స్క్రూ జాకీ. కత్తెరలా ముడుచుకుని ఉంటుంది. హ్యాండిల్‌ తిప్పితే మధ్యలోని మర కడ్డీ తిరిగి నాలుగు రేకులూ పైకి లేస్తాయి. ఇందులో ఓ సుగుణం ఉంది. మర తనంతట తాను వెనక్కి తిరగదు. ఆయిలు లేదు, లీకయ్యే భయం లేదు. కాబట్టి ఉన్నట్టుండి కుంగిపోదు.

మరి లోపమేంటి? అడుగు చిన్నది. అరచేతికి కాస్త పెద్దగా ఉంటుందంతే. పక్కనుంచి కాస్త తోపు తగిలినా ఒరిగిపోతుంది. అది రోడ్డుమీద టైరు పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. పావుగంట పనికోసం తయారైంది. గంటల తరబడి కారును దానిమీద ఉంచి బిగుసుకుపోయిన బోల్టులతో కుస్తీ పట్టడానికి కాదు.

అన్నట్టు, కొత్త కారు కొన్నవాళ్లు ముందుగా డిక్కీ తెరిచి చూసుకోవడం మంచిది. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు వేసుకునే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంటూ 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది. అలాంటి కార్లలో స్టెప్నీతోపాటు జాకీ కూడా ఉండకపోవచ్చు. తీరా అవసరమైన రోజున వెతుక్కునే బదులు ముందే తెలుసుకుంటే మేలు.

సీసాలో ఏనుగు బలం

లారీ డ్రైవర్ల సీటు కింద కనిపించే పొట్టి సీసాలాంటి జాకీ బాటిల్‌ జాకీ. ఇది ఆయిలు మీద పనిచేస్తుంది. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి తెస్తే అది అన్ని వైపులకూ సమానంగా చేరుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బ్లేజ్‌ పాస్కల్‌ చెప్పాడు. బడిలో పిల్లలు చదివే పాస్కల్‌ నియమం అదే. జాకీలో ఓ సన్న గొట్టం, ఓ లావు గొట్టం ఉంటాయి. లావు గొట్టం అడ్డుకొలత సన్నదానికి మూడు రెట్లుంటే దాని వైశాల్యం తొమ్మిది రెట్లవుతుంది. అంటే సన్న గొట్టంలో పది కిలోల బరువుతో నొక్కితే రెండోవైపు తొంభై కిలోలు లేస్తాయి. దానికి హ్యాండిల్‌ పొడవు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది! చేత్తో మోసుకెళ్లేంత హైడ్రాలిక్‌ జాకీకి 1851లో న్యూయార్క్‌కు చెందిన రిచర్డ్‌ డడ్జియన్‌ పేటెంట్‌ తీసుకున్నాడు. నూటడెబ్భై ఏళ్లు దాటినా సూత్రం మారలేదు.

రెండు టన్నుల బాటిల్‌ జాకీ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. చవకే. కానీ కొనేముందు టేపుతో ఓ కొలత చూసుకోవాలి. పూర్తిగా దించి ఉన్నప్పుడు కూడా దాని ఎత్తు 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్నకారు అడుగుకూ నేలకూ మధ్య ఉండేదే సుమారు 16, 17 సెంటీమీటర్లు. టైరులో గాలి పోతే ఇంకా తగ్గుతుంది. జాకీ కిందకి దూరకపోతే దాని బలం ఎంతుంటే మాత్రం ఏం లాభం! జీపులు, పెద్ద బళ్లు ఉన్నవాళ్లకు ఇది నప్పుతుంది. చిన్నకారుకు అంతగా నప్పదు.

ఇంకో సంగతి. ఇందులో బరువునంతా ఆపి ఉంచేది లోపలి ఆయిలు, దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే చిన్న సీలు. సీలు అరిగితే కారు మెల్లమెల్లగా కిందకి దిగుతుంది. తెగితే ఒక్కసారే దిగుతుంది. లేపిన తర్వాత ఐదు నిమిషాలు చూసినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించిన జాకీ ఆరో నిమిషంలో కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు.

చక్రాల జాకీ

ఇంటి గ్యారేజీకి సౌకర్యమైనది ట్రాలీ జాకీ. నాలుగు చిన్న చక్రాలమీద కారు కిందకి నెట్టి, పొడుగాటి హ్యాండిల్‌ను పైకీ కిందకీ ఆడిస్తే చాలు. కొలిమి తిత్తి ఊదినంత తేలిక. వంగి మోకాళ్లమీద కూర్చుని చెయ్యి నొప్పెట్టేలా తిప్పనక్కర్లేదు. అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒరిగే భయమూ తక్కువే. రెండు టన్నులది సుమారు రెండు నుంచి నాలుగు వేల రూపాయల్లో వస్తుంది. హైదరాబాద్‌ వాళ్లు సికింద్రాబాద్‌ రాణిగంజ్‌లోనో, విజయవాడ వాళ్లు ఆటోనగర్‌లోనో స్వయంగా చేత్తో ఆడించి చూసి కొనుక్కోవచ్చు.

దీని చక్రాలు ఊరికే పెట్టలేదు. జాకీ చెయ్యి నిలువుగా కాదు, వంపు తిరుగుతూ పైకి లేస్తుంది. అలా లేస్తున్నప్పుడు జాకీ తనే కొద్దిగా ముందుకు కదులుతూ సర్దుకుంటుంది. చక్రం కింద గులకరాయి పడినా, టైల్స్‌ సందులో ఇరుక్కున్నా ఆ కదలిక ఆగిపోతుంది. అప్పుడు జాకీ బదులు కారే పక్కకు జరుగుతుంది. అందుకే ట్రాలీ జాకీ పెట్టేముందు ఆ చోటును చీపురుతో శుభ్రంగా ఊడ్చాలి. ఖర్చు లేని జాగ్రత్త ఇది.

పాత జాకీ చవగ్గా వస్తోందని తీసుకునేవాళ్లు కింద ఆయిలు మరక ఉందేమో చూడాలి. కారును కాస్త లేపి, దాని కింద చక్రమో దిమ్మో పెట్టి, అరగంట వదిలేసి ఎత్తు కొలిచి చూడాలి. ఏ మాత్రం దిగినా వద్దని చెప్పెయ్యడమే.

అసలు హీరో స్టాండు

జాకీ స్టాండ్లు చూడటానికి మూడు నాలుగు కాళ్ల ఇనప పీటల్లా ఉంటాయి. మధ్యలోని కడ్డీని కావాల్సిన ఎత్తుకు లాగి పళ్లలోనో, అడ్డ పిన్నుతోనో బిగిస్తే అక్కడే ఆగుతుంది. ఆయిలు లేదు, సీలు లేదు, తిరిగే మర లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుంటుందంతే. జత రెండు వేల రూపాయల ప్రాంతంలో దొరుకుతాయి. చాలామంది ముందు ట్రాలీ జాకీ కొంటారు, స్టాండ్లు తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. నిజానికి వరస తిరగబడాలి. డిక్కీలో ఎలాగూ ఓ జాకీ ఉంది కాబట్టి మొదట కొనాల్సింది స్టాండ్లే.

కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి.

ఒకటి, ఎత్తు. మూడు టన్నుల స్టాండు బాగా దించినా 28 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చవకరకం ట్రాలీ జాకీ లేపేది 33 సెంటీమీటర్ల వరకే. అంటే చేతిలో ఉండేది ఐదు సెంటీమీటర్ల వెసులుబాటు మాత్రమే. 'బలంగా ఉంటుంది కదా' అని ఆరు టన్నుల స్టాండ్లు తెచ్చుకుంటే వాటి కనీస ఎత్తే 38 సెంటీమీటర్లు దాటుతుంది. కారు అంత ఎత్తు లేవదు, స్టాండు కిందకి పట్టదు. డబ్బులు పెట్టి అటక మీద దాచుకోవాల్సిందే!

రెండు, చోటు. జాకీ ఆనించిన చోటే స్టాండు కూడా పెట్టడం కుదరదు. అందుకే మెకానిక్‌లు ముందు భాగం మధ్యలో ఉండే బలమైన అడ్డ దూలం కింద ట్రాలీ జాకీ పెట్టి లేపుతారు. తలుపుల కింద రెండు పక్కలా ఉన్న గట్టి చోట్ల స్టాండ్లు నిలబెడతారు. ఏ కారుకు ఆ చోట్లెక్కడో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోగొట్టుకుంటే సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు ఓ నిమిషం వంగి చూపించమంటే సరి.

మూడు, పట్టు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఇంటి గ్యారేజీలో సొంతంగా పని చేసుకోవడం అలవాటే. 2020లో అక్కడ ఓ పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ దాదాపు 17 లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించింది. కడ్డీ పళ్లలో కొక్కెం సరిగా కూర్చోక ఒక్కసారిగా జారిపోయే ప్రమాదం ఉందని తేలడమే కారణం. స్టాండు ఉంది కదా అని గుడ్డిగా నమ్మకూడదన్నమాట. కారును దానిమీదకు దించాక, కిందకి దూరకముందు, పక్కన నిలబడి కారును చేత్తో గట్టిగా ఊపి చూడాలి. పడేదైతే అప్పుడే పడాలి, మనం కింద ఉన్నప్పుడు కాదు. స్టాండు మీద నిలబడినా సరే, విప్పిన చక్రాన్ని కారు అంచు కిందే ఉంచాలి. రెండో కాపలా అది. పైసా ఖర్చు లేదు!

ఇటుకలు వద్దే వద్దు

'స్టాండ్లెందుకు, పెరట్లో ఇటుకలున్నాయిగా!' ఈ మాట వినని ఇల్లుండదు. గోడ కట్టినప్పుడు టన్నుల బరువు మోసే ఇటుక కారును మొయ్యలేదా అన్నది వాళ్ల వాదన. గోడలో ఒక్కో ఇటుక మీదా బరువు సమానంగా పరుచుకుంటుంది. చుట్టూ సిమెంటు పట్టి ఉంచుతుంది. కారు అంచు మాత్రం కత్తి మొనలా ఒక్క గీత మీదే ఆనుతుంది. ఇటుక పెళుసు. పగిలేముందు వంగదు, మూలగదు. ఉన్నట్టుండి ముక్కలవుతుంది. మధ్యలో డొల్లగా ఉండే సిమెంటు ఇటుకలదీ అదే తీరు. వాటిని పక్కకు తిప్పి పెడితే మరీ ఘోరం.

చెక్క అలా కాదు. బరువు ఎక్కువైతే నలుగుతుంది, కిర్రుమంటుంది, పక్కకు తప్పుకోవడానికి మనిషికి కాస్త సమయమిస్తుంది. అందుకే తప్పనిసరైతే మందపాటి దిమ్మలు నయం. అవి కూడా ఒకదాని మీద ఒకటి నిలువుగా కాకుండా, రెండు ఇటు రెండు అటు అడ్డదిడ్డంగా పేర్చాలి. పందిట్లో కట్టెలు పేర్చినట్టు!

సొంతంగా చెక్క ర్యాంపు

చక్రం విప్పే పని లేనప్పుడు, అంటే ఇంజిన్‌ ఆయిలు మార్చడం, సైలెన్సర్‌ చూసుకోవడంలాంటి వాటికి జాకీ జోలికే పోనక్కర్లేదు. కారును ర్యాంపు ఎక్కిస్తే చాలు. కారు తన చక్రాల మీదే నిలబడుతుంది కాబట్టి నిశ్చింత. ఇనపవి రెడీమేడ్‌గా దొరుకుతాయి. చెక్కవైతే వడ్రంగితో ఓ పూటలో చేయించుకోవచ్చు.

టింబరు డిపోలో ఒకటిన్నర అంగుళాల మందం, పది అంగుళాల వెడల్పు ఉన్న గట్టి చెక్క పలకలు తీసుకోవాలి. టేకు అక్కర్లేదు, వేపో తుమ్మో అయినా సరే. కాకపోతే చీలికలు, పెద్ద ముడులు ఉండకూడదు. ఒక్కో ర్యాంపుకు నాలుగు పలకలు... 54, 42, 30, 18 అంగుళాల పొడవులో. పెద్దది అడుగున, చిన్నది పైన, వెనకవైపు అన్నీ సమంగా ఉండేలా పేర్చి స్క్రూలతో బిగించాలి. మేకులొక్కటే అయితే నాలుగుసార్లు ఎక్కేసరికి వదులైపోతాయి. ముందువైపు అడుగుకో మెట్టు చొప్పున మొత్తం ఆరంగుళాల ఎత్తు వస్తుంది. చక్రం దాటిపోకుండా పై మెట్టు చివర ఓ అడ్డ దిమ్మ తప్పనిసరి. రెండు ర్యాంపులకూ కలిపి 24 అడుగుల పలక సరిపోతుంది. ఎక్కేటప్పుడు ముందు బంపరు తగులుతుందేమో ఒకసారి కొలుచుకుని మరీ చేయించాలి.

చాలా చిన్నకార్లకు ఇంజిను బలం ముందు చక్రాలకే అందుతుంది. నున్నటి నేల మీద అవి ర్యాంపును ముందుకు తన్నేస్తాయి. కింద పాత రబ్బరు మ్యాటు వేస్తే కదలదు. ఎక్కించేటప్పుడు దారి చెప్పే మనిషి పక్కన నిలబడాలి గానీ కారుకు ఎదురుగా కాదు. పిల్లలు ఇంట్లో ఉండాలి. ఆయిలు తీసేముందు ఇంజిను చల్లారనివ్వాలి. తీసిన పాత ఆయిలును డబ్బాలో పట్టి మెకానిక్‌ షెడ్డులో ఇచ్చెయ్యాలి, మురుగు కాల్వలో పొయ్యకూడదు.

హ్యాండ్‌బ్రేకు ఒక్కటే చాలదు

'హ్యాండ్‌బ్రేకు వేశాంగా, ఎక్కడికి పోతుంది?' అనుకుంటారు చాలామంది. ఎక్కువ కార్లలో హ్యాండ్‌బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీదే. ముందు భాగం లేపినప్పుడు ఫర్వాలేదు. వెనక రెండు చక్రాలూ లేపితే మాత్రం నేలమీద ఉన్న ముందు చక్రాలకు ఏ బ్రేకూ ఉండదు. మరి గేరులో ఉంచితే? ముందు చక్రాలు నడిపే కారులో ఒక ముందు చక్రం గాల్లో ఉంటే అది ఖాళీగా తిరుగుతుంది. నేలమీద ఉన్న రెండోదాన్ని గేరు పట్టి ఉంచలేదు.

కాబట్టి హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ వేసి ఉంచడంతోపాటు నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఘాట్‌లో ఆగిన లారీకి క్లీనరు గబగబా దిగి రాయి పెట్టినట్టే. త్రికోణంగా కోసిన చెక్క ముక్కలు నాలుగు గ్యారేజీలో పడేసుకుంటే జీవితకాలం పనికొస్తాయి.

నేల సంగతి... నేడు బ్యాటరీ సంగతి

గేటు దగ్గరి ఏటవాలు మీద కారు లేపకూడదు. గ్రానైటు, నున్నటి టైల్స్‌ మీదైతే జాకీ కింద రబ్బరు మ్యాటు ఉండాలి. మట్టి నేలమీద జాకీ ఒక పక్కకు దిగబడుతుంది. స్టాండు కాళ్లూ అంతే. తారు రోడ్డు కూడా మే నెల ఎండకు మెత్తబడుతుంది. అలాంటిచోట జాకీకైనా స్టాండుకైనా కింద మందపాటి ప్లైవుడ్డు ముక్క వెయ్యాలి. అన్నిటికన్నా మంచిది గరుకుగా ఉండే కాంక్రీటు నేల.

కారుకు జాకీ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. తలుపుల కింద అంచును వేలితో తడిమితే ముందు చక్రం వెనకా, వెనక చక్రం ముందూ చిన్న గాట్లు తగులుతాయి. డిక్కీలోని జాకీ తల ఆ గాట్ల మధ్య కూర్చోవాలి. ట్రాలీ జాకీ గుండ్రటి తలను నేరుగా అక్కడ పెడితే అంచు నలిగి వంకరపోతుంది, పెయింటు లేచి తుప్పు పడుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముక్క వాడాలి. ఇంజిన్‌ ఆయిలు ఉండే కింది గిన్నెకు జాకీ ఆనిస్తే అది చిట్లుతుంది. ఎలక్ట్రిక్‌ కార్లకు చాలావాటిలో బ్యాటరీ కారు అడుగునే పరుచుకుని ఉంటుంది. వాటికి కంపెనీ చూపిన చోట తప్ప ఇంకెక్కడా జాకీ ముట్టించకూడదు.

పెరట్లో గుంత తవ్వించుకుంటే ఈ గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. డిపోల్లో, పాత షెడ్లలో చూసిందే. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది గుంతలో చేరి కూర్చుంటుంది. ఓ చిన్న నిప్పురవ్వ చాలు. వానాకాలం నీళ్లు నిండుతాయి, మామూలు రోజుల్లో పిల్లలు పడతారు. ఇంటికి అది అచ్చిరాదు.

వరస తప్పొద్దు

కారును చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టాలి. అందర్నీ దింపెయ్యాలి. చక్రం నట్లను అది నేలమీద ఉన్నప్పుడే ఒక్క చుట్టు వదులు చెయ్యాలి. గాల్లోకి లేచాక బలమంతా ఉపయోగించి లాగితే కారు ఊగుతుంది. పోర్టికోలో తండ్రి చేసిన పొరపాటూ అలాంటిదే. తర్వాత లేపాలి, స్టాండు పెట్టాలి, కారును దానిమీదకు దించాలి, ఊపి చూడాలి, విప్పిన చక్రాన్ని కింద పెట్టాలి. అప్పుడే పని మొదలు. అయ్యాక నట్లు చేత్తో బిగించి, కారు దించి, అప్పుడు స్పానరుతో ఎదురెదురుగా గట్టిగా బిగించాలి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు కారు కిందకి దూరకపోవడం మంచిది. పిలిస్తే పలికే దూరంలో ఎవరో ఒకరుండాలి.

ఇక ఖర్చంటారా... చక్రాన్ని కింద పెట్టడానికి, చెక్క అడ్డులకు దాదాపు ఏమీ కాదు. స్టాండ్ల జతకు రెండు వేలు. ఆ తర్వాత వీలునుబట్టి ట్రాలీ జాకీకి మరో రెండు మూడు వేలు. అపార్టుమెంట్లలో అయితే నలుగురు కలిసి ఓ సెట్టు కొని వాచ్‌మన్‌ గదిలో పెట్టుకుంటే తలా పదిహేను వందలు కూడా పడదు. ఏటా నాలుగైదుసార్లు వాడే వస్తువు అందరికీ విడివిడిగా ఎందుకు!

ఆ పోర్టికోలో కథ అక్కడితో అయిపోలేదు. సొట్ట పడిన రిమ్మును తండ్రి టైర్ల షాపులో ఇచ్చి సరిచేయించుకొచ్చాడు. వస్తూ వస్తూ స్టాండ్ల జత తెచ్చాడు. తర్వాతి ఆదివారం మళ్లీ కారు లేచింది. చక్రం విప్పడం ఆలస్యం, ఎవరూ చెప్పకముందే మనవడు దాన్ని దొర్లించుకెళ్లి కారు కిందకి తోశాడు.

వరండాలో తాతయ్య పేపరు తిప్పాడు. ఈసారి కేకెయ్యాల్సిన అవసరం రాలేదు.